గుమ్మం, వంటిల్లు, అటక

అతనికి చీటీగాడని పేరు పెట్టింది అక్కే. చిన్నప్పుడు ఏది విన్నా చీటీ మీద రాసుకునేవాడు. రాసిన చీటీని ఎక్కడో భద్రంగా పెట్టేవాడు, పెట్టిన చోటు మరిచిపోయేవాడు. అలా మరిచిపోకుండా ఆ చోటేదో ఇంకో చీటీ మీద రాసేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నలభై దాటాక మనవాడి బుద్ధి చీటీల మీంచి ఫోన్‌లోకి మారిందంతే.

ఉద్యోగం కూడా బుద్ధికి తగ్గదే దొరికింది. ఉతికే యంత్రాలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు కొన్నప్పుడు డబ్బాలో ఒక సన్నటి పుస్తకం వస్తుంది చూడండి, అది రాసే పని. "ఎవరూ చదవని పుస్తకాలు మా తమ్ముడు రాసినన్ని ఇంకెవరూ రాయలేదు" అని అక్క అందరి ముందూ అనేది. అతనూ నవ్వేవాడు. కానీ నోట్సు రాసుకునే యాప్‌ల మీద ఎవరైనా జోకు వేస్తే మాత్రం ముఖం ముడుచుకునేవాడు. కొత్త యాప్ దొరికిన వారం మనిషి నేల మీద నడిచేవాడు కాదు. పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి మోసేవాడు, పిల్లి తన పిల్లల్ని ఇల్లిల్లూ తిప్పినట్టు. అన్నీ సర్దుకున్నాక దానికంటే మంచిది ఇంకోటి కనపడేది.

అక్క అతనికంటే పదేళ్లు పెద్దది. అమ్మానాన్నలిద్దరూ ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే రోజుల్లో తమ్ముడికి అన్నం పెట్టి, కథ చెప్పి, నిద్రపుచ్చింది అక్కే. నత్త కథో ఇంకోటో, ఏ కథకైనా ఒకటే షరతు. అతను ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది. నిద్ర ముంచుకొస్తున్నా కథ ఎక్కడ ఆగిపోతుందోనన్న భయంతో కళ్లు మూసుకునే ఊఁ, ఊఁ అంటూ ఉండేవాడు. ఆ తర్వాత అక్క చిన్నపిల్లల బడిలో టీచరైంది. పాతికేళ్లపాటు ఊరి పిల్లలందరి చేతా ఊఁ కొట్టించింది. బావ పోయాక కూడా ఆ గొంతులో హుషారు తగ్గలేదు. తగ్గింది ఈ మధ్యనే, అదీ బొంగురుతో మొదలై.

డాక్టరు స్కాన్ చిత్రాన్ని వెలుగుకు పెట్టి చూపించాడు. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు. ముందు కొన్నాళ్లు మందులు, నెలన్నరకు ఆపరేషన్.

"ప్రాణానికి ఢోకా లేదమ్మా. మాట మాత్రం ఉండదు."

అక్క ఆస్పత్రి వసారా పొడుగునా గబగబా నడిచింది. లిఫ్టు ముందు నిలబడ్డాక తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది.

"ఒరేయ్ చీటీ, బిడ్డ పుట్టేసరికి నాకు నోరుండదురా."

మేనకోడలికి అప్పుడు ఐదో నెల. వాళ్లుండేది అక్క ఇంటి పై వాటాలోనే.

"అలా అనకక్కా."

"ఉన్న మాటే కదా. నీకు చెప్పిన కథలన్నీ దాచిపెట్టరా. నా మనవరాలో మనవడో వినాలి. నీకు అన్నీ దాచడం వచ్చుగా, ఇదొక్కటి దాచిపెట్టు."

అతని గుండె నిండిపోయింది. ఇన్నేళ్లకు తన విద్యకు ఒక పని దొరికింది. అది కూడా అక్క కోసం. ఇంతకంటే ముఖ్యమైనది తన జన్మలో దాచబోనని ఆ లిఫ్టులోనే అనుకున్నాడు. ఆ అనుకోవడంలో అబద్ధం లేదు. అదే చిక్కు.

ఆ సాయంత్రమే అక్క మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అప్పటికింకా గొంతులో కొద్దిపాటి జీర తప్ప లోపమేమీ లేదు.

"కానియ్. ఆ ఫోనిలా పెట్టు, మొదలుపెడతాను."

"ఆగక్కా. ఇలా ఎలా పడితే అలా కాదు. రేపు మనకు కావలసింది కావలసినప్పుడు దొరకాలా వద్దా?" అన్నాడు మనవాడు. మైకు సరిగ్గా వింటోందో లేదో చూద్దామని ఫోన్‌లో ఉండే మామూలు రికార్డరు నొక్కి బల్ల మీద పెట్టాడు. పెట్టి దాని సంగతే మరిచిపోయాడు.

"చూడక్కా, ఒక్క యాప్‌తో ఏ పనీ కాదు. ఇన్నేళ్లూ నేను చేసిన తప్పదే. అన్నీ ఒకదాంట్లోనే కుక్కాలని చూశాను. ఇల్లనుకో. మొదటి యాప్ గుమ్మం. నువ్వు చెప్పేది అక్కడ పడుతుంది, అంతే. పడ్డది పడ్డట్టు రాతగా మారుతుంది. రెండోది వంటిల్లు. అక్కడ తరుగుతాం, కడుగుతాం, ఏ కథలో నత్త వచ్చింది, ఏ కథలో గేటు వచ్చింది, దేనికి దేంతో చుట్టరికం అన్నీ ముడి వేస్తాం. మూడోది అటక. తయారైంది అక్కడికి ఎక్కుతుంది."

"ఊఁ."

"ఏ యాప్ పని దానిదే. కానీ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. అక్కడే ఉంది కిటుకంతా."

"ఊఁ... అటకెక్కించినవాటిని మళ్లీ దించినవాడు ఎవడైనా ఉన్నాడట్రా మన ఇంట్లో?"

అక్క నవ్వింది. అతనూ నవ్వి మళ్లీ అందుకున్నాడు. మనవాడికి ఆ సంగతి దొరికితే తిండీ నీళ్లూ అక్కర్లేదు. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పానని సంబరపడుతూ చీకటి పడేదాకా చెప్పాడు. కథ రేపటికి పడింది.

రేపు వచ్చింది గానీ గుమ్మం కుదరలేదు. ఒక యాప్‌కు తెలుగు చెవి లేదు. ఇంకోదానికి చెవి ఉంది గానీ అది రాసింది బయటికి ఇవ్వదు, మింగి కూర్చుంటుంది. గుమ్మం కుదిరాక వంటిల్లు దానితో పొత్తు కలవనంది. మంచిచెడ్డలు బేరీజు వేయడానికి ఒక పట్టిక తయారుచేశాడు. ఆ పట్టిక ఏ యాప్‌లో ఉంచాలన్నది మళ్లీ ఒక సమస్య అయింది. ఆఫీసు నుంచి వస్తూ రోజూ అక్క ఇంటికి వెళ్లేవాడు. మందుల వేళలు చూసేవాడు, పళ్లరసం తీసి ఇచ్చేవాడు, ఇంకో నాలుగు రోజులక్కా అని లేచేవాడు.

మేనకోడలు ఒకరోజు మెట్ల దగ్గర ఆపింది.

"మామయ్యా, అమ్మ గొంతు రోజురోజుకీ పోతోంది. ఏదో ఒకటి పెట్టి రికార్డు చేసెయ్యకూడదూ?"

"ఏదో ఒకటంటే ఎలాగమ్మా? పునాది సరిగ్గా లేకపోతే..."

"పునాదిదేముంది, ముందు అమ్మ చెప్పాలి కదా. పోనీ నేను తీయనా?"

"నువ్వు తీస్తే ఒకచోటుంటుంది, నేను తీస్తే ఒకచోటుంటుంది. రెండు చోట్ల ఉన్నది ఒక్కచోటా ఉండనట్టే. ఇన్నాళ్లాగారు, ఈ నాలుగు రోజులూ నాకు వదిలెయ్."

వదిలేసింది పాపం. మామయ్యకు ఇలాంటివి బాగా తెలుసని ఇంట్లో అందరి నమ్మకం. ఇల్లు అలకగానే పండగ కాదని ఆ పిల్ల అనవలసింది. మనవాడు ఇంకా అలుకుతూనే ఉన్నాడు.

చివరికి గడువు దగ్గరపడ్డాక, ఆఫీసులో మీటింగుల కోసం తానే కట్టిన అమరికను ఇంటికి తెచ్చి బిగించాడు. అక్కడ మీటింగు జరుగుతుంటే రికార్డవుతుంది, రాతగా మారుతుంది, రాతలోంచి చెత్త పోతుంది, పైకి ఎక్కుతుంది. అమరికలో టిక్కులు పెట్టిన గళ్లు కొన్ని ఉన్నాయి. ఒకటి, మళ్లీ మళ్లీ వచ్చిన మాటలు తీసెయ్యడం. ఇంకొకటి, రాత సిద్ధమయ్యాక ఆడియో తీసెయ్యడం. ఆఫీసులో ఎవరెప్పుడేమన్నారో అన్న తగాదాలు రాకుండా పెట్టిన నియమం అది. ఆ గడి అతని కంట పడకపోలేదు. పడింది. ఒకసారి ఆగి చూశాడు కూడా. రాత చేతికొచ్చాక ముడిసరుకుతో పనేముంది, చోటు దండగ అనుకున్నాడు. టిక్కు అలాగే ఉంచి ముందుకు పోయాడు. ఏరు దాటాక తెప్ప తగలెయ్యడమంటే ఏమిటో అతనికి తెలియక కాదు. తగలేస్తున్నది తెప్ప కాదు, ఏరే అన్నది అప్పుడు తోచలేదు.

ఆపరేషన్‌కు ముందు మిగిలిన ఆ కొద్ది రోజులూ అక్క కథలు చెప్పింది. ఒక్కో వాక్యానికి గుటకేసేది. గోరువెచ్చటి నీళ్ల గ్లాసు ఒళ్లోనే పెట్టుకునేది. అయినా నత్త మాట్లాడే చోట నత్త గొంతే వచ్చేది, మూసిన గేటు కిర్రుమనే చోట గేటే వచ్చేది.

మొదటి కథ మొదలెట్టి రెండు వాక్యాలు చెప్పి ఆగింది.

"ఏరా, ఊఁ కొట్టవే?"

"నేను కొట్టనక్కా. మధ్యలో నా గొంతు పడితే రాత పాడైపోతుంది. తలాడిస్తాను, నువ్వు చెప్పు."

"ఊఁ లేకపోతే కథ ఎలా నడుస్తుందిరా?"

"నడుస్తుందిలే. నడిపించు."

అక్క అతని ముఖం వంక కాసేపు చూసింది. తర్వాత నడిపించింది. ఎదురుగా తమ్ముడు నోరు మూసుకుని, ఉతికే యంత్రం తిరుగుతుంటే కాపలా కూర్చున్నవాడిలా తలాడిస్తూ కూర్చున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మెడ మీద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. మెడకు ఆనించుకుని మాట్లాడే యంత్రం ఒకటి ఇచ్చారు. అందులోంచి వచ్చే మరగొంతు అక్కకు నచ్చలేదు, సొరుగులో పడేసింది. బడిలో వాడిన తెల్లటి చిన్న బోర్డు, మార్కరు దగ్గర పెట్టుకుంది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన వారం తమ్ముడు లాప్‌టాప్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. తెర మీద చుక్కలు, చుక్కల మధ్య గీతలు. ఒక్కో చుక్క ఒక్కో కథ. నత్త చుక్క నొక్కితే నత్త వచ్చిన కథలన్నీ వెలిగేవి. అక్క వేలు పెట్టి ఒకటీ అరా నొక్కింది, అతని చెంప తట్టింది. బోర్డు మీద "బంగారు కొండ" అని రాసింది. ఆ రాత్రి అతను ఎంత హాయిగా నిద్రపోయాడో చెప్పలేం.

మేనకోడలికి పాప పుట్టింది. పురిటి అలసట తీరాక ఒక మధ్యాహ్నం మేనకోడలు కిందికి వచ్చి, పాపను అమ్మమ్మ మంచం పక్కన ఉయ్యాలలో వేసింది.

"మామయ్యా, పెట్టు. అమ్మ కథ పెట్టు. మొదట నత్తదే పెట్టు."

అతను ఫోన్ తీశాడు. అటక తెరిచాడు. నత్త కథ ఉంది, అచ్చుతప్పు లేకుండా ఉంది. కింద ఎనిమిది లంకెలున్నాయి. వినడానికి నొక్కాల్సిన గుర్తు లేదు. వంటింట్లోకి వెళ్లాడు, అక్కడా లేదు. గుమ్మంలోకి వచ్చాడు. గుమ్మం తుడిచిపెట్టినట్టుంది. అప్పుడు గుర్తొచ్చింది ఆ గడి, అందులో టిక్కు.

"ఏంటి మామయ్యా, నెట్ రావట్లేదా?"

"ఊఁ... ఆఫీసులో సిస్టంలో ఉంది. రేపు తెస్తాను" అని నీళ్లు నమిలాడు. అక్క మాత్రం అతని ముఖమే చూస్తోంది. బోర్డు తీసుకోలేదు.

ఆ తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. యాప్ వాళ్లకు రాశాడు. తొలగించినవి గడువు దాటితే మా దగ్గర కూడా ఉండవు, మా సేవ మీకు నచ్చిందా, ఐదుకు ఎన్ని చుక్కలిస్తారు అని జవాబు వచ్చింది. పాత ఫోన్లు తీశాడు. అక్కకు వాయిస్ మెసేజిలు పెట్టే అలవాటే లేదు. "ఫోన్ చేస్తే పోయేదానికి అదేం మాటల మూట?" అనేది. మేనకోడలి పెళ్లి వీడియోలో "ఇటు చూడండి" అన్న రెండు మాటలున్నాయి, వాటి మీద బ్యాండు మోత. అన్నీ అయ్యాక మేనకోడలికి నిజం చెప్పాడు.

ఆ పిల్ల కోప్పడుతుందని సిద్ధపడి వెళ్లాడు. ఆమె కోప్పడలేదు. తడిసిన పాప గుడ్డలు ఒక్కొక్కటే దండెం మీద వేసింది.

"రాతే కావాలంటే, మామయ్యా, అమ్మకు చేతులున్నాయి కదా" అంది చివరికి. "తీరిగ్గా అమ్మే రాసిచ్చేది."

ఇన్నేళ్లు ఇన్ని యాప్‌లలో ఇన్ని వేల సంగతులు రాసుకున్నాడు, ఇంత చిన్న సంగతి ఎక్కడా రాసుకోలేదు. పెద్ద తప్పు ఒకటి చేసినవాడు దాన్ని ఏ తప్పనాలో తేల్చుకోలేకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. దొంగతనం కాదు, దురుసుతనం కాదు, బద్ధకం కూడా కాదు. శ్రద్ధగా, ప్రేమగా, పద్ధతి ప్రకారం అక్క గొంతు చెరిపేశాడు. దానికి క్షమాపణ ఎలా అడగాలో అతనికి తెలియలేదు.

వారం తర్వాత ఆఫీసులో, కొత్త ఫ్యాను పుస్తకానికి బొమ్మ కోసం ఫోన్‌లో వెతుకుతుంటే మామూలు రికార్డరు తెరుచుకుంది. అందులో ఒక్కటే ఉంది. పేరు కూడా లేదు, తేదీ మాత్రమే. భోజనాల వేళ కావడంతో మీటింగు గది ఖాళీగా ఉంది. తలుపు వేసుకుని విన్నాడు.

అంతా తన గొంతే. గుమ్మం, వంటిల్లు, అటక. ఒకదాని తర్వాత ఒకటి, ఊక దంచినట్టు. ఇంత సంతోషంగా ఇంత పనికిరాని మాటలు ఒక మనిషి ఇంతసేపు చెప్పగలడా అని తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ మాటల మధ్య అక్క ఊఁ అంటోంది. కొద్దిపాటి జీర తప్ప మంచి గొంతు. అర్థమైందన్న ఊఁ ఒకటి, అర్థం కాకపోయినా నువ్వు చెప్పు నాన్నా అన్న ఊఁ ఒకటి, ఆవలింత ఆపుకున్న ఊఁ ఒకటి. అటక మీద వేసిన జోకు. నవ్వు. దాదాపు చివర్లో అక్క మెల్లగా అందుకుంది.

"అనగనగా ఒక నత్త..."

"ఆగక్కా, ఇది ఉత్తి ట్రయలే. దీంట్లో చెప్పి దండగ."

"సరేలే" అంది అక్క.

అతను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. తలుపు తట్టారెవరో, మీటింగు వేళయిందని.

మరుసటి ఆదివారం ఆ రికార్డు పట్టుకుని వెళ్లాడు. పాప ఉయ్యాలలో ఉంది, మేనకోడలు కింద కూర్చుని చిన్న చొక్కాలు మడత పెడుతోంది. అతను మంచం పట్టె మీద కూర్చుని అక్కకు అంతా చెప్పాడు. గడి, టిక్కు, చూసి కూడా వదిలెయ్యడం, అన్నీ. అక్క కళ్లు దించుకుని వింది. ఆమెకు ఎప్పుడో తెలిసినట్టుంది.

"మిగిలింది ఇదొక్కటేనక్కా" అని పెట్టాడు.

ముగ్గురూ విన్నారు. సగంలో అక్క భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాడు. నవ్వుతోంది. శబ్దం లేకుండా, మెడ మీది గుడ్డ ఎగిరెగిరి పడేలా నవ్వుతోంది. బోర్డు అందుకుని "ఎంత వాగావురా!" అని రాసి చూపించింది. తర్వాత "అనగనగా ఒక నత్త" వచ్చింది. ఆమె నవ్వు ఆగింది. సరేలే వచ్చింది. రికార్డు అయిపోయింది. మేనకోడలు చొక్కా మడత పెట్టడం మానేసి దాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.

అక్క చీర చెంగుతో బోర్డు తుడిచింది. రాయాలా వద్దా అన్నట్టు మార్కరు కాసేపు గాల్లో ఆగింది.

"మిగతాది నువ్వు చెప్పు" అని రాసింది. ఉయ్యాల వైపు చూపించింది.

అతను అటక తెరిచి చదివాడు. ఉతికే యంత్రం పుస్తకం చదివినట్టే వచ్చింది.

"ఒక నత్త ఉండేది. అది తన ఇల్లు మోసుకుంటూ చాలా దూరం వెళ్లింది. గేటు మూసి ఉంది..."

అక్క బోర్డు మీద మార్కరుతో కొట్టింది. తల అడ్డంగా ఊపింది. ఉయ్యాల అంచు మీద చూపుడువేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు, కదులుతుందా లేదా అన్నంత మెల్లగా జరపడం మొదలెట్టింది. అతనికి గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఆ ఒక్క చోటే సగం రాత్రి గడిచేది. మళ్లీ మళ్లీ వచ్చిన మాటలని అమరిక తీసేసింది అదే.

ఫోన్ పక్కన పెట్టేశాడు.

"వెళ్లిందీ..." అన్నాడు. వేలు ఇంకా ఈ చివరకు రాలేదు. "వెళ్లిందీ... వెళ్లిందీ... ఇంకా వెళ్లిందీ..."

గొంతు సరిగ్గా లేదు. అక్క గొంతులో ఉండే నత్త అందులో లేదు. ఎంత ప్రయత్నించినా అది తన గొంతే. పాప కళ్లు తెరిచి ఉయ్యాల కొక్కెం వంక చూస్తోంది. వేలు అంచు దాటి ఆగింది. అతనూ ఆగాడు. అక్కడ ఊఁ రావాలి. వస్తుందని ఇన్నేళ్ల అలవాటు కొద్దీ అక్క వైపు తిరిగాడు.

అక్క పెదవులు గుండ్రంగా ముందుకు వచ్చాయి. ఊఁ అంది. మెడ మీది గుడ్డ ఒక్కసారి కదిలింది. గదిలో ఉయ్యాల గొలుసు చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.